ఆయన పక్కన నా ముఖం

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు, అంటే మా అమ్మాయి కూతురు, ఇప్పుడు నర్సీపట్నంలో ఏ ఫ్యాన్సీ షాపులోనైనా దొరుకుతున్న కొరియా మాస్కు ఒకటి తెచ్చి తడితడిగా నా ముఖానికి అతికించి, కాసేపు కదలొద్దని చెప్పి, పక్కన కూర్చుని ఫోనులో కొరియా సీరియల్ చూస్తూ ఆ దేశం సంగతులు చెప్పుకొచ్చింది. అక్కడ కొత్తవాళ్ళు కలిస్తే ముందుగా వయసు కనుక్కుంటారట, ఒక్క ఏడాది పెద్దయినా పిలుపూ మన్ననా మారిపోతాయట, అలాగని వయసు కంటే చిన్నగా కనిపిస్తున్నారంటే మాత్రం అంతకు మించిన పొగడ్త లేదట. ప్రేమించినవాణ్ణి కూడా పెద్దవాడైతే అన్న అనే పిలుస్తారంటే, మన గొలుగొండలో అలా పిలిస్తే ఊరంతా నవ్వదూ అని నేనూ నవ్వాను గానీ, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఒక వరసకు బదులు ఇంకో వరస నోట పడితే మనిషి ఎంత కుంగిపోతాడో నా ఈడు వాళ్ళకు అర్థమవుతుందేమో గానీ, ఆ పిల్లకేం తెలుస్తుంది?

మాది గొలుగొండ దగ్గర చెరకు వ్యవసాయం, పిల్లల చదువులకని తర్వాత నర్సీపట్నం వచ్చేశాం. మా ఆయన నాకంటే అయిదేళ్ళే పెద్ద. బెల్లం వండే పొయ్యి సెగకో, వాళ్ళ వంశంలోనే ఉందో గానీ, నలభై రాకుండానే ఆయన తల ముగ్గుబుట్టయింది, ముందు పళ్ళు ఊడి బుగ్గలు లోపలికి పోయాయి. నేనేమో ఇద్దరు బిడ్డల తల్లినయ్యాక కూడా కాలేజీ పిల్లలాగే ఉండేదాన్ని. ముఖానికి ఏం రాస్తున్నావని చుట్టాల్లో ఆడవాళ్ళు గుచ్చి గుచ్చి అడిగేవారు, పసుపు తప్ప నేను రాసిందేమీ లేదు.

ఒకసారి నక్కపల్లి దగ్గర ఉపమాక వెంకన్న దర్శనానికి మేమిద్దరమే వెళ్ళాం. అర్చన చేయిస్తుంటే పూజారి గారు మా ఆయన్ని గోత్రం అడిగి, నా వైపు చూపించి, "అమ్మాయిగారి పేరేమిటండీ?" అన్నారు. "అమ్మాయి కాదండి బాబూ, మా ఇంటిది," అని ఆయన నవ్వుతూనే చెప్పారు, కానీ వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తిరుగు ప్రయాణంలో నా పక్కన సీటు ఖాళీగా ఉన్నా ఆయన వెళ్ళి బస్సు వెనకాల కూర్చున్నారు. అప్పట్నించి పెళ్ళికి గానీ సినిమాకి గానీ నాతో కలిసి రావడం మానేశారు, తప్పనిసరైతే దూరంగా, ఎవరో పరాయివాడిలా నా వెనక నడిచేవారు.

ఒక పండక్కి ముందు నాకు చెప్పకుండా అనకాపల్లి నుంచి తలకు రంగు తెచ్చి వేసుకున్నారు. అది పడక తెల్లారేసరికి ముఖమంతా వాచి కళ్ళు మూసుకుపోయాయి, నేను తడిగుడ్డ వేస్తుంటే గోడవైపు తిరిగి పడుకున్నారు. ఇలా కాదని, నేనే పెద్దదానిలా కనిపించాలని, ముతక చీరలు కట్టి, పూలు మానేసి, నుదుటి బొట్టు కూడా చిన్నది చేసుకున్నాను. అది చూసి ఆయన, జీవితంలో ఎప్పుడూ గట్టిగా అరవని మనిషి, "నేనింకా సావలేదే! అప్పుడే ఆ పూలు తీసేసినావేటి?" అని కంచం ముందునుంచి లేచిపోయారు.

అన్నిటికంటే మా అమ్మాయి పెళ్ళి నాటి సంగతి ఇప్పటికీ మరిచిపోలేను. కన్యాదానం పీటల మీద కూర్చోనన్నారు.

"పెళ్ళికొడుకు వైపోళ్ళు నవ్వితే పిల్ల సిన్నబోద్ది. తమ్ముణ్ణీ మరదల్నీ కూసోబెడదాం."

"కన్నది మనవండీ, మీ కాళ్ళట్టుకుంటాను," అన్నాను.

వినలేదు. మా మరిది దంపతులు నా బిడ్డను ధారపోస్తుంటే నేను జనంలో నిలబడి చూశాను, కళ్ళతోనే ఆయన్ని వెతికాను. వంటవాళ్ళ దగ్గర, పొయ్యిలోకి కట్టెలు ఎగదోస్తూ ఉన్నారని తర్వాత ఎవరో చెప్పారు.

ఆ మరుసటేడే గుండెపోటుతో పోయారు. ఏడాది తిరక్కుండానే నా జుట్టు తెల్లబడింది, ముఖమంతా ముడతలు దిగాయి. ఏ దేవుడికి మొక్కినా రాని వయసు, ఎవరికీ అక్కర్లేని రోజున ఒక్కసారిగా వచ్చి మీద పడింది. ఇప్పుడు బజారుకెళితే అందరూ మామ్మగారూ అనే పిలుస్తున్నారు, ఆ పిలుపు వినాల్సిన మనిషే లేరు.

మాస్కు తీశాక మనవరాలు తాతతో నేనున్న ఫోటో చూపించమంది. పెళ్ళినాటిది వానకు తడిసి పాడైపోయింది, ఆ తర్వాత మేం కలిసి ఫోటో దిగనే లేదు, కెమెరా ఎత్తితే ఆయన పక్కకు తప్పుకునేవారు. మా రోజుల్లో ముఖం దేవుడిచ్చినట్టే ఉండేది, ఇప్పుడు ఎవరికి కావలసిన ముఖం వాళ్ళు ఫోనులోనే చేసుకుంటున్నారు. విడివిడిగా ఉన్న ఫోటోలిస్తే ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి, తాతని కుర్రాణ్ణి చేసి, ఒక్క ఈడువాళ్ళలా కలిపేస్తానంది, అదెంత పని అమ్మమ్మా, అంది. వద్దన్నాను. ఆయనకిప్పుడు ఆ కుర్రతనం దేనికి?