పిలిచిన చోటికే వెళ్ళిన అరబా

కేప్ కోస్ట్‌లో మా అమ్మమ్మ అరబా తన వాచే కుండ మూత తీస్తే, సముద్రంలో చేపలు కూడా ఒడ్డెక్కి వరసలో నిలబడతాయి. అలసందలు కలిపి వండే ఆ అన్నానికి ఈ ఏడాది జనం సగానికి సగం తగ్గిపోయారు. కారణం ఫోన్‌లో దొరికింది. బస్టాండు దగ్గర హోటలు పెట్టిన క్వామెనా, తన వెబ్‌సైట్‌లో తెల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో "అరబా వాచే" అని ఎవరికీ కనిపించకుండా నింపేశాడు. మన కళ్ళకి కనపడకపోయినా ఆ అక్షరాల్ని ఫోను చదివేసి, అమ్మమ్మ పేరు వెతికిన వాళ్ళకి అతని హోటలుకే దారి చూపిస్తోంది.

అమ్మమ్మ పళ్ళు కొరికింది. మర్నాడు తెల్లారేసరికి కుండ తీసుకెళ్ళి అతని గుమ్మం ముందు దించింది.

"ఇదేంటి పెద్దమ్మా, నా హోటలు ముందు?" అన్నాడు క్వామెనా.

"అరబా ఇక్కడుందని ఊరందరికీ చెప్పింది నువ్వే కదరా! నీ మాట అబద్ధం కాకూడదని వచ్చా."

ఆమె పేరు చూసి వచ్చిన వాళ్ళంతా కుండ చుట్టూ మూగారు. వారం తిరక్కుండానే క్వామెనా ఆ అక్షరాలు చెరిపేసి కాళ్ళ మీద పడ్డాడు.

"నా కసి ఇంకా తీరలేదు. ఇంకో వారం ఇక్కడే కూర్చుంటా," అంది అమ్మమ్మ.

నాకూ హుషారొచ్చింది. "అమ్మమ్మా, మన పేజీలో వాడి పేరు అలాగే దాచెయ్యనా?"

"నోర్మూసుకుని ఆకులు తుడువు. నా అన్నం అమ్ముకోడానికి వాడి పేరెందుకు?"