బల్ల మీద తడి ఉన్ని

పార్కుకి బయలుదేరే ముందు మా అమ్మాయి నాకు ఒకే ఒక్క షరతు పెట్టింది.

"నాన్నా, ప్రామిస్ చెయ్యి. చేతులు ఒళ్లో పెట్టుకో. నో తాళం."

"అలాగేనమ్మా" అన్నాను. నా చేతుల్ని మాత్రం అడగలేదు.

చిన్నప్పుడు ఆమె కర్ణాటక వయొలిన్ సాధన చేస్తుంటే ఎదురుగా కూర్చుని తొడ కందిపోయేలా తాళం వేసింది నేనే. కాలేజీకి వెళ్లాక ఆమె స్కాట్లండ్ దీవుల పాత పాటల్ని డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్, తిత్తి నొక్కి ఊదే బ్యాగ్‌పైప్‌లతో హోరెత్తించే బృందంలో చేరింది. ఇంకా పూర్తిగా చేరినట్టు కాదు, పరీక్షగా తీసుకున్నారు. రిహార్సల్స్ మేముండే నేపర్‌విల్ ఊళ్లో, మా ఇంటి గరాజ్‌లో. కారు బయట, బ్యాగ్‌పైప్ లోపల. నేను టీ ఇచ్చే నెపంతో వెళ్లి, డ్రమ్మర్‌తో "లయలో కొంచెం పరుగెడుతున్నావు బాబూ" అని ఇంగ్లీషులో చెప్పి వచ్చాను. మర్నాటి నుంచి టీ మా ఆవిడే తీసుకెళ్లింది.

పార్కులో వాళ్ల ప్రదర్శనకి ముందు వరసలో కూర్చున్నాం. మా ఆవిడ నా చేతుల్లో పెద్ద పాప్‌కార్న్ డబ్బా పెట్టింది. "ఇది వదిలారో, ఇంటికి నడిచి రావాలి."

మొదటి పాట నాలుగేసి దెబ్బల నడక. డబ్బా ఎప్పుడు గడ్డి మీదికి దిగిందో నాకు తెలియదు. అరచెయ్యి, చిటికెన వేలు, ఉంగరం వేలు... హాయిగా ఆది తాళం నడుస్తోంది. ఇంతలో వాళ్లు ఆపకుండానే మూడేసి దెబ్బల నడకలోకి దూకారు. నేను దూకలేదు. సరిగ్గా అప్పుడే మా అమ్మాయి అలవాటు కొద్దీ నా చెయ్యి వైపు చూసింది. ఆమె వయొలిన్ కమాను నాతో వచ్చేసింది. బృందం అటు, మేమిద్దరం ఇటు. డ్రమ్మర్ ఆమెను చూశాడు, ఆమె చూపు పట్టుకుని నన్ను చూశాడు.

ఇల్లు చేరాక అమ్మాయి అంది: "ఇంకో ఛాన్స్ ఇచ్చారు. లాస్ట్ వన్."

"నేను రానులేమ్మా. తప్పు నాదే."

"నో, నువ్వు రావాలి. నీ ప్లేస్ నేను డిసైడ్ చేస్తా."

ఆ దీవుల్లో ఆడవాళ్లు కొత్తగా నేసిన ఉన్నిబట్టను తడిపి, బల్ల చుట్టూ కూర్చుని, పాడుతూ బాదుతారట. బట్ట చిక్కబడాలని. తర్వాతి ప్రదర్శనలో ఆ పాటకి వేదిక మీద నిజంగానే బల్ల వేసి, ప్రేక్షకుల్లో కొందరిని కూర్చోబెట్టారు. వాళ్లలో నేనూ ఉన్నాను. రెండు చేతులతో తడి ఉన్నిని పట్టుకోవాలి, బల్ల మీద కొట్టాలి, పక్కవాళ్లకి జరపాలి. ఒక్క వేలు విడిపించుకున్నా బట్ట ఆగిపోతుంది.

"అంకుల్, స్లో! మాతో కొట్టండి!" అంది పక్కనున్న తెలుగు పిల్ల. పరుగెడుతున్నది నేనే. డ్రమ్మర్ నవ్వాడు.

నడక మారింది. నా చేతులు ఉన్నిలో ఇరుక్కుని ఉన్నాయి. మా అమ్మాయి ఇటు చూసింది. చూడటానికి అక్కడ తాళం లేదు, చొక్కా తడిసిన తండ్రి తప్ప. ఆమె ఫక్కున నవ్వి, కళ్లు మూసుకుని, కమాను ఆపకుండా మూడేసి దెబ్బల్లోకి దాటేసింది.

ఆమెను బృందంలో ఉంచుకున్నారు. ప్రతి ప్రదర్శనలోనూ బల్ల దగ్గర నాకో కుర్చీ కూడా.