చదివానని చెప్పిన కాగితం

ప్రతి శనివారం సాయంత్రం ఆ పిల్ల మా గేటు దగ్గర ఆగి, బ్యాగులోంచి చిన్న ట్యూబు తీసి, చేతులకూ మెడకూ ఏదో క్రీము రాసుకునేది. ఆ తరవాతే గేటు గొళ్లెం తీసేది. నేను పై వరండాలోంచి చూసి నవ్వుకునేదాన్ని. "మా ఇంటికి రావడానికి ఇంత సింగారమా అమ్మాయ్?" అని ఒకసారి ఆటపట్టించాను కూడా. ఆ పిల్ల నవ్వేసి ఊరుకుంది. అది దోమలు కుట్టకుండా రాసుకునే క్రీము. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసిన రోజున ఆ నవ్వు గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది.

ఆ పిల్ల నా శిష్యురాలు. మెట్టుగూడలో రైల్వే క్వార్టర్ల పక్కనున్న స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఎనిమిది నుంచి పదో తరగతి దాకా నా క్లాసులోనే ఉంది. మా చర్చి పిల్లే, కోయిర్‌లో పాడేది. పెద్ద చదువులు చదివి, దోమల మీద పరిశోధన చేసేచోట ఉద్యోగంలో చేరిందని తెలిసినప్పుడు సంఘంలో అందరికీ నేనే చాటింపు వేశాను. "మా పిల్ల" అనే చెప్పుకున్నాను.

ఆ సంవత్సరం ఎండాకాలం చివర్లో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, హాల్లో టీ, బన్నులు పంచుతుండగా పాస్టరుగారు ఆ పిల్లను మాట్లాడమన్నారు. ఎంత బాగా మాట్లాడిందో! మలేరియా అంటే మురిక్కాలవలని మనం అనుకుంటామట. మన నగరాల్లో దాన్ని మోసే దోమ మంచినీళ్లలో, డాబాల మీది ట్యాంకుల్లో పెరుగుతుందట. మన వైపు దోమే ఇప్పుడు సముద్రం దాటి ఆఫ్రికా పట్టణాల్లో కాపురం పెట్టిందట. అక్కడ పిల్లలకు టీకాలు వచ్చాయి, కొత్త మందులద్దిన దోమతెరలు వచ్చాయి, అసలు మలేరియాను మోయలేని దోమల్ని ల్యాబుల్లో తయారుచేసే ప్రయత్నాలూ జరుగుతున్నాయి. ఇన్ని వచ్చినా డాబా మీద మూత సరిగా లేని ట్యాంకు ఒక్కటి చాలు, మొత్తం పాడు చేస్తుందని చెప్పింది.

అందుకని మా వీధుల్లో ఒక అధ్యయనం. లాటరీ తీసి సగం ఇళ్ల ట్యాంకులకు వల బిగించిన కొత్త మూతలు పెడతారు. మిగతా సగం ఇళ్లలో ఏమీ చెయ్యరు, వారానికోసారి వచ్చి దోమ పిల్లల్ని లెక్కపెట్టుకుంటారు. అంతా అయిపోయాక అందరికీ మూతలు ఇస్తారు. ఇష్టమైనవాళ్లు కాగితం మీద సంతకం పెట్టాలి.

కాగితం తెలుగులోనూ ఉంది, ఇంగ్లీషులోనూ ఉంది. తెలుగుది తీసి చూశాను. దానికంటే కోర్టు తీర్పు నయం. "ఇదెవరికి అర్థమవుతుంది తల్లీ? ఇంగ్లీషుది ఇలా ఇవ్వు, నేను చదివి అందరికీ చెబుతాను" అన్నాను, హాలంతా వినపడేలా.

చదివానా? మూడు పేజీలూ తిప్పాను. ముప్పై ఏళ్లు కాంపోజిషన్లు దిద్దిన కళ్లు కదా, తప్పుల కోసం వెతికాయి. ఒక్క స్పెల్లింగు తప్పు లేదు, ఒక్క కామా చోటు తప్పలేదు. నా శిష్యురాలు రాసింది మరి! ఛాతీ ఉప్పొంగింది. ఏం రాసిందో మాత్రం బుర్రలోకి ఎక్కలేదు. అందరికంటే ముందు సంతకం పెట్టి, "నేను చదివాను, ఏం భయం లేదు, పెట్టండి" అన్నాను. వరస కట్టి పెట్టారు.

మా ఇంటి కింది వాటాలో ఒకామె ఉంటుంది. పొద్దున్నే మెట్టుగూడ చౌరస్తాలో ఇడ్లీ బండి పెడుతుంది. సంతకం పెట్టడం వరకే నేర్చుకుంది. గ్యాసు కాగితం వచ్చినా, బ్యాంకు నుంచి మెసేజీ వచ్చినా మెట్లెక్కి నా దగ్గరకే వచ్చేది. "టీచరమ్మా, గిదేందో వచ్చింది, జెర చూడుండ్రి" అని నా చేతిలో పెట్టి, నేను చదివేంతసేపూ నా మొహం చూస్తూ కూర్చునేది. ట్యాంకు ఇద్దరిదీ ఒకటే కాబట్టి ఆమె సంతకం కూడా కావాలి. ఆ మధ్యాహ్నమే కాగితం పట్టుకెళ్లాను.

"ఏమున్నది టీచరమ్మా గిండ్ల?"

"దోమ పిల్లల్ని లెక్కపెడతారట, అంతే. నేను చదివానులే, పెట్టు."

పిండి చేతులు కొంగుకు తుడుచుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పెట్టింది.

లాటరీలో ఎదురింటికి మూత వచ్చింది, మాకు రాలేదు. మా ట్యాంకు మూత ఎప్పుడో పగిలిపోతే, చర్చి కూటాల ఫ్లెక్సీ ఒకటి కప్పి పైన ఇటుకలు పెట్టించాను. నా మోకాళ్లు నిచ్చెన ఎక్కనివ్వవు. ప్రతి శనివారం ఆ పిల్ల పొడుగు పిడి ఉన్న తెల్ల గరిటె పట్టుకుని ఎక్కేది. దిగి వచ్చాక అల్లం టీ, రస్కులు. ఆ టీ తాగుతూనే నాకు పాఠం చెప్పింది. మలేరియా దోమ పిల్ల నీటి మీద అడ్డంగా పడుకుంటుందట, మిగతా రకాలు తలకిందులుగా వేలాడతాయట. పాఠాలు చెప్పినదాన్ని పాఠం వింటున్నానని నాకు ఒకటే మురిపెం.

"మన ట్యాంకు ఎలా ఉందమ్మాయ్?" అని ప్రతిసారీ అడిగేదాన్ని.

"అంతా రాసుకున్నాను టీచర్" అనేది.

అబద్ధం ఒక్కటి కూడా చెప్పలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో కింద ఇడ్లీ పిండి రుబ్బే చప్పుడు ఆగిపోయింది. వెళ్లి చూస్తే మూడు దుప్పట్ల కింద ఆమె వణికిపోతోంది. మర్నాడు లేచి బండి పెట్టింది. ఆ మర్నాడు మళ్లీ అదే వణుకు, మంచం కోళ్లు టకటకలాడేంత. బస్తీ దవాఖానాకు తీసుకెళ్లాను. వేలి చివర రక్తం తీసి చూసి మలేరియా అన్నారు. ఈ రకం కాలేయంలో దాక్కుంటుంది, తగ్గిందని ఊరుకుంటే నెలల తరవాత మళ్లీ లేస్తుంది, ఇంకో రక్త పరీక్ష చేశాక పద్నాలుగు రోజులు మాత్రలు మింగాలి అని డాక్టరమ్మ చెప్పింది. ఆ చీటీలన్నీ నేనే చదివి చెప్పాను. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నా భుజం మీద తల ఆనించి, "మీరుంటే నాకు ధైర్యం టీచరమ్మా" అంది.

రెండు రోజులకు మున్సిపాలిటీ మలేరియా విభాగం నుంచి ఒకాయన వచ్చి డాబా ఎక్కాడు. చెంబుతో నీళ్లు పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు. అడ్డంగా పడుకుని ఉన్నాయి. బోలెడు.

"అసంభవం. దోమల మీద పరిశోధన చేసే మా అమ్మాయి వారం వారం వచ్చి చూస్తోంది" అన్నాను.

"గట్లనా? అయితే గా మేడం నీకు జెప్పలేదా అమ్మా?" అన్నాడాయన.

వెంటనే మనిషిని పిలిపించి ట్యాంకు కడిగించాను. ఆ పిల్లకు ఫోన్ చేస్తే సాయంత్రానికి వచ్చింది. గేటు దగ్గర ఆగి క్రీము రాసుకుంది. అప్పుడు వెలిగింది నాకు. అడిగితే దాచకుండా చెప్పింది, అది దేనికో.

"ఎప్పట్నుంచి ఉన్నాయి?"

ఫోన్ తెరిచి చూసింది. "జూలై మొదటి వారం నుంచి టీచర్."

జూలై నుంచి ఎన్ని శనివారాలు, ఎన్ని టీలు! "నాకొక్క మాట చెప్పలేకపోయావా?"

"చెబితే మీరు ఆ రోజే ట్యాంకు కడిగించేస్తారు టీచర్. అందరూ అలాగే చేస్తే మూతలు పనిచేస్తున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? మూత పెట్టిన ఇళ్లలో ఒక్క దోమ పిల్ల కూడా లేదు. రేపు ఎన్ని ఊళ్లకు పనికొస్తుందో..."

"కింద మనిషి వణికిపోతోంది. అది రాసుకున్నావా?"

తల వంచుకుంది. తరవాత మెల్లగా అంది: "మూడో పేజీలో ఉంది టీచర్. లెక్కలు పూర్తయ్యేదాకా ఇంటివాళ్లకు ఫలితాలు చెప్పబోమని. మీరు చదివారనే అనుకున్నాను. మీరు చదవకుండా సంతకం పెడతారని నేనెలా అనుకుంటాను?"

చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. లేచి నిలబడి వెళ్లిపొమ్మన్నాను. ఇప్పటికీ చెబుతున్నాను, ఆ పిల్ల నాకు ద్రోహం చేసింది. మూడో పేజీలో ఉండవచ్చు, మూతలు ప్రపంచాన్ని కాపాడవచ్చు. నా ఇంట్లో కూర్చుని, నా చేతి టీ తాగుతూ, తన చర్మానికి మాత్రం క్రీము రాసుకుని, నన్ను "టీచర్" అని పిలిచిన నోటితో ఒక్క ముక్క చెప్పలేదు. ఆ రాత మీద గౌరవంతోనే కదా నేను చదవకుండా పెట్టింది! ఆదివారాలు కోయిర్‌లో ఆ గొంతు విడిగా వినిపిస్తే ఇప్పటికీ పాటల పుస్తకం మూసేస్తాను.

కిందామెకు నేనే చెప్పాను. చెప్పకుండా ఉండవచ్చు, కానీ అలా ఊరుకుంటే నాకూ ఆ పిల్లకూ తేడా ఏముంది? మాత్రల గ్లాసు చేతిలో పట్టుకుని అంతా వింది. తిట్టలేదు, ఏడవలేదు.

"మీరు సదివిన్నన్నరు గద టీచరమ్మా" అంది.

అంతే. నేను మెట్లెక్కి వచ్చేశాను.

ఆ తరవాత బండి మళ్లీ పెట్టింది. ఎదురైతే నవ్వుతుంది, పండగకు బొబ్బట్లు పంపింది. కాగితాలు మాత్రం తేవడం మానేసింది. గ్యాసు చీటీ చేత్తో పట్టుకుని మా మెట్ల ముందునుంచే మూలనున్న మెడికల్ షాపు వైపు వెళ్లడం రెండుసార్లు చూశాను. పిలుద్దామని మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

మొన్నామధ్య అధ్యయనం పూర్తయింది. ఆ పిల్ల రాలేదు, వేరే ఇద్దరు మూత పట్టుకొచ్చారు. మూత పెట్టేముందు మళ్లీ ఒక కాగితం మీద ఇద్దరి సంతకాలూ కావాలన్నారట. చాలా రోజుల తరవాత కిందామె మెట్లెక్కి వచ్చింది, చేతిలో కాగితం. నా ప్రాణం లేచి వచ్చింది. గబగబా కళ్లజోడు వెతికాను.

"నాది అయిపోయింది టీచరమ్మా. మెడికల్ షాపాయన మొత్తం సదివి చెప్పిండు, పెట్టిన" అంటూ కాగితం నా ముందు పరిచి, నా పేరున్న చోటు వేలితో చూపించింది. "గిక్కడ మీది. ఈసారి జెర సదివి పెట్టుండ్రి."

వెటకారం లేదు, కోపం లేదు. చంటిపిల్లకు చెప్పినట్టు చెప్పి, గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. కుర్చీలో కూర్చుని, వేలు పెట్టుకుని, మొదటి మాట నుంచి చదివాను. మూడు పేజీలే. పావుగంట పట్టింది.