ఓబులప్పను నలుపు తెలుపులో చంపిన రోజు

కత్తి లేదు, బాంబు లేదు. జమ్మలమడుగు దగ్గర ఒక పెద్ద నాయకుణ్ణి కెమెరా మీట నొక్కి చంపిన ఘనుణ్ణి నేను. చచ్చిన పూట ఆయన తన అరుగు మీద కూర్చుని బొరుగుల ఉగ్గాణి తింటున్నాడు. ఆ నాయకుడు ఓబులప్పకూ ఆయన పగవాడు సుంకన్నకూ పార్టీ పెద్దలు రాజీ చేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. తప్పు. ఇన్నేళ్ళు నోరు మూసుకున్నందుకు నన్ను క్షమించి అసలు సంగతి వినండి.

ప్రొద్దుటూరులో నాకు ఫోటో స్టూడియో ఉండేది. ఫిల్ము పోయి డిజిటల్ వచ్చిన కొత్త. కొత్త కెమెరాలో నలుపు తెలుపు మీట కనిపించగానే నేను కళాకారుణ్ణయిపోయాను. ఎంతమంది పెళ్ళికూతుళ్ళ పట్టుచీరలను బూడిద చేశానో లెక్కలేదు. వాళ్ళు తిడితే, పాపం, కళ తెలియదనుకున్నాను.

స్టూడియోలో కంప్యూటర్ పని మా ఆవిడ రమది.

"రా ఫైలు తీసుకోయ్యా. అది వండని బియ్యం మాదిరి. రంగులన్నీ లోపలే ఉంటాయి. నలుపు తెలుపు నేను ఈడ చేసిస్తా" అనేది.

"కెమెరాలోనే అయిపోవల్ల. తర్వాత దిద్దేది కళ కాదు."

"సంగటి కెలికినాక మళ్ళా బియ్యం కావాలంటే నేను తెచ్చియ్యలేను. ఇప్పుడే చెప్తాండా."

విన్నానా? లేదు.

ఓబులప్పది ఒక పార్టీ, సుంకన్నది ఇంకో పార్టీ. ఒకరి కాలికి ముల్లు గుచ్చుకుంటే రెండోవారి ఊళ్ళో గడ్డివాములు తగలబడే రోజులవి. అలాంటి ఓబులప్ప పుట్టినరోజుకు ఫ్లెక్సీ పని నాకు దక్కింది. వేపపుల్ల నములుతూ దూడను చూసి నవ్వుతున్నప్పుడు తీశాను. ముఖంలో ప్రతి ముడతా మాట్లాడుతోంది, మీసంలో ఎండ మెరుస్తోంది. గొప్ప ఫోటో. ఈ మాట మాత్రం ఇప్పటికీ వెనక్కి తీసుకోను. అంత కళకు మాటలెందుకని ఫ్లెక్సీ మీద ఆయన పేరు తప్ప ఒక్క అక్షరం వేయించలేదు.

తెల్లవారగానే ఆయన మనుషులు దాన్ని జమ్మలమడుగు సర్కిల్లో కట్టి, పుట్టినరోజు కదా అని బారెడు చేమంతి దండ వేసి, విందుకు ఊరికి వచ్చేశారు. నలుపు తెలుపు ముఖం, కింద పేరు, మీద దండ. మన ఇళ్ళ గోడలకు అలాంటి ఫోటో ఎవరిది వేలాడుతుందో మీకు నేను చెప్పాలా?

అంగళ్ళ షట్టర్లు దడదడ పడ్డాయి. పులివెందుల బస్సు ముద్దనూరు దాకా పోయి అక్కడే నిలబడిపోయింది. వార్త ప్రొద్దుటూరు చేరేసరికి హత్యను కళ్ళారా చూసినవాళ్ళు కూడా తయారయ్యారు.

నేనేమో ఓబులప్ప అరుగు మీద, శాలువా కోసం మెడ సిద్ధం చేసుకుని కూర్చున్నాను. అప్పుడు ఒక జీపు ఆగింది. సుంకన్న ఒక్కడే దిగాడు. చేతిలో గులాబీల దండ, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఓబులప్ప మనుషులు కట్టెలు పట్టుకుని లేచారు. అరుగు మీదున్న ఓబులప్పను చూసి సుంకన్న రాయిలా నిలబడిపోయాడు.

"నువ్వు చచ్చిపోయినావంట గదా."

"ఎవురు చెప్పిరి?"

"సర్కిల్లో నీ ఫోటోనే చెప్తాంది. అంగళ్ళన్నీ మూసినారు. చంపింది నేను కాదని మీ ఇంట్లోనే చెప్దామని వస్తి. లేకుంటే సాయంత్రానికి మా ఊర్లో ఎన్ని కొంపలు కాలుతాయో."

"ఒక్కనివే వచ్చినావా?"

"పదిమందితో వస్తే ఎవురు నమ్ముతారప్పా?"

ఓబులప్ప చేయి కడుక్కున్నాడు. "శానా గుండె ఉంది నీకు" అన్నాడు. "దండ యాడిది? అంగళ్ళు మూసినారంటివే."

"షట్టరు సగం ఎత్తించి తెచ్చినా."

"వెయ్యి మరి. ఈ పొద్దు నా పుట్టినరోజే."

కట్టెలు దిగాయి. దండ పడింది. తర్వాత అందరి చూపులూ నా మీద పడ్డాయి.

"ఏమప్పా, ఆ ఫోటోకు బిరీన రంగు ఎక్కించు" అన్నాడు ఓబులప్ప.

"కాదు మామా. రంగంతా కెమెరాలోనే పారేసినా."

"యాడ పారేసినావో పోయి ఏరుకోని రా."

"ఏరుకునేది కాదు మామా. మా ఇంట్లో చెప్పింది, నేనే వినలే."

"చెప్పే మనిషి ఉండి గూడా నన్ను చంపితివి గదరా."

శాలువా కోసం చాచిన మెడను భుజాల్లోకి లాక్కున్నాను. నన్ను కాపాడింది సుంకన్నే.

"ఉండనీలే అప్పా. ఇన్నేండ్లుగా నీ మొగం చూస్తాండా, ఇంత మంచోని మాదిరి యానాడూ కనపడలే. దాని ముందర నిలబడి ఏడిస్తి."

ఓబులప్ప మెడలో దండ సర్దుకున్నాడు. "నిజంగా ఏడిస్తివా?"

"ఏడిస్తి."

"ఇంకో ప్లేటు ఉగ్గాణి తెండి" అన్నాడు ఓబులప్ప లోపలికి చూసి.

అదీ ఆ రాజీ. పార్టీ పెద్దలు వచ్చేసరికి ప్లేట్లు కూడా కడిగేశారు. సర్కిల్లో దండ తీసేశారు, ఫోటో ఉంచారు.

పోతూ పోతూ సుంకన్న నా దగ్గర ఆగాడు. "నాకు గూడా ఒకటి తీయప్పా. అట్లనే, ముడతలన్నీ కనపడల్ల."

మళ్ళీ కళాకారుణ్ణయిపోయాను. వేలు ఆ మీట మీదికి పోయింది. సుంకన్న ఆ వేలిని గట్టిగా పట్టుకున్నాడు.

"కలర్లో" అన్నాడు.

ఇంటికి వచ్చి రమ ముందు నిలబడి, కెమెరా నెత్తిన పెట్టుకుని ప్రమాణం చేశాను: ఇక నా చేతిలో ఏ మనిషీ బతికుండగా రంగు పోగొట్టుకోడని. రమ ప్రమాణాన్ని నమ్మలేదు. ఆ మీట మీద ప్లాస్టరు అంటించింది.