చిల్లర కోసం దిగిన మనిషి

రెండు వేల ఇరవై ఐదు, చలికాలం మొదలైన రోజులు. అరకు నుంచి పాడేరు వెళ్లే ఆర్డినరీ బస్సులో నేను కండక్టర్‌ని. మాది కింద, శృంగవరపుకోట దగ్గర ఒక పల్లె. ఏజెన్సీ రూట్లలో చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను. ఎక్కేవాళ్లలో సగం మంది పేర్లు తెలుసు, మిగతావాళ్ల ఊళ్లు తెలుసు.

ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక మా పని కొంచెం మారింది. ఆధార్ చూపిస్తే టిమ్‌లో, అంటే మేం టికెట్ కొట్టే చేతి మెషిన్‌లో, జీరో టికెట్ వస్తుంది. డబ్బులు తీసుకోం గాని టికెట్ మాత్రం ఇవ్వాలి. సంతరోజు బస్సులో ముప్పాతిక మంది ఆడవాళ్లే. దాంతో నా బ్యాగులో చిల్లర చేరడం మానేసింది. ఫోన్‌తో కట్టేవాళ్లున్నారు గాని, ఊరు దాటితే ఆ కొండల్లో సిగ్నల్ దొరకదు.

ఆ రోజు డుంబ్రిగుడ సంత. అరకులో బస్సు కదలబోతుంటే ఇద్దరు విదేశీయులు ఎక్కారు. భార్యాభర్తలు, ఇద్దరికీ అరవై దాటి ఉంటాయి. ఆయన పొడుగు మనిషి, పేరు మార్టిన్. ఆవిడ ఎలెనా, మోకాలికి పట్టీ ఉంది, మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కింది. దేశం పేరు చెప్పారు గాని నాకు నోరు తిరగలేదు. పాడేరు వెళ్లి, మర్నాడు పొద్దున్నే మబ్బుల కొండ చూడాలని వాళ్ల ఆశ.

మార్టిన్ ఎక్కగానే జేబులోంచి ఒక కార్డు తీసి, తలుపు పక్కన ఇనప కడ్డీకి ఆనించాడు. కాసేపు అలాగే పట్టుకున్నాడు. తర్వాత కొంచెం పైన పెట్టాడు, కొంచెం కింద పెట్టాడు. మొదటి సీట్లో సోనమ్మ అనే ముసలావిడ ఉంది. సంతలో అమ్ముకోడానికి చింతపండు పట్టుకెళ్తోంది. ఆయన్ని తేరిపార చూసింది.

"బస్సుకి దండం పెడతన్నాడేటమ్మా?"

వాళ్ల ఊళ్లో బస్సెక్కగానే కార్డు అలా ఆనిస్తే టికెట్ అయిపోతుందని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, సోనమ్మ పక్కన ఎలెనాని కూర్చోబెట్టాను. టిమ్ మీద కార్డు పెట్టి చూశాం. అప్పటికే బస్సు ఊరు దాటింది, సిగ్నల్ లేక మెషిన్ తిరుగుతూ ఉండిపోయింది. ఆయన పెద్ద నోటు తీశాడు. ఈలోగా ఎలెనా చుట్టూ ఆడవాళ్లు డబ్బులివ్వకుండా టికెట్లు తీసుకోవడం చూసి, తనని చూపించుకుంటూ ఏదో అడిగింది.

"ఆధార్ ఉండాలి మేడమ్," అన్నాను.

"ఆడమనిసే కదమ్మా. ఆవిడికీ ఒకటి కొట్టీ," అంది సోనమ్మ.

"అలా కుదరదు మామ్మా."

నోటు ఆయన చేతిలోనే తిరిగి పెట్టి, "నో చేంజ్. లేటర్," అన్నాను. డుంబ్రిగుడలో మగవాళ్లు ఎక్కుతారు, చిల్లర వస్తుంది, అప్పుడు తీసుకోవచ్చని నా ఉద్దేశం. ఆయన తలూపాడు గాని మొహంలో కంగారు పోలేదు.

డుంబ్రిగుడలో సగం బస్సు ఖాళీ అయ్యి మళ్లీ అంతకి రెట్టింపు నిండింది. సోనమ్మ కూడా దిగాల్సిందే. మూట పెద్దది, జనం తగ్గాక దిగుతానని కూర్చుంది. నేను వెనక్కి వెళ్లి, టాప్ మీద రాజ్‌మా బస్తాలు కట్టించి వచ్చాను. ముందు సీట్లో ఎలెనా కిటికీలోంచి సంత చూస్తోంది. మార్టిన్ వెనకెక్కడో నిలబడి ఉంటాడనుకున్నాను. రైట్ చెప్పాను. సోనమ్మ అప్పుడు లేచి అరిచింది గాని, డ్రైవర్ రమణన్న అప్పటికే బస్సు మలుపు తిప్పేశాడు.

"నాను దిగాలి సరే, ఈవిడ పెనిమిటేడి?" అంది సోనమ్మ.

వెనక్కి చూశాను. అందరిలోకీ ఒక తల పైకి కనపడాలి. కనపడలేదు. ఎలెనా కూడా అప్పుడే చూసింది. లేచి నిలబడి పేరు పెట్టి పిలిచింది. మళ్లీ పిలిచింది.

"చిల్లర అడగడానికి అరటిపళ్ల కాడకి ఎళ్లాడు. నాను సూశాను, ఎక్కీశాడనుకున్నాను," అన్నాడు వెనక నిలబడ్డ ఒకతను.

రమణన్న బస్సు పక్కకి ఆపాడు. అక్కడ రోడ్డు సన్నం, ఒక పక్క లోయ, బస్సు తిప్పే చోటు లేదు. ఎలెనా తలుపు దగ్గరికి వచ్చేసింది. దిగి నడిచి వెళ్లిపోతానని సైగ చేస్తోంది. పాస్‌పోర్టులు, ఫోను, డబ్బులు, ఆవిడ మందులు అన్నీ మార్టిన్ నడుముకి కట్టుకున్న సంచిలో ఉన్నాయని ఆ సైగల్లోనే అర్థమైంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, మాకు ఆవిడ భాష రాదు. నేను తలుపుకి అడ్డంగా నిలబడితే, ఆవిడ కళ్లలో నా మీద భయం కనపడింది. ఎక్కడికో తీసుకుపోతున్నాం అనుకుంది కాబోలు. అంత బాధ నా ఉద్యోగంలో నాకెప్పుడూ కలగలేదు.

సోనమ్మ వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. ఆడియా అనే కొండ భాష కలిసిన తన మాటల్లో, సన్నగా, పసిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడింది. ఒక్క ముక్క కూడా ఎలెనాకి తెలిసే అవకాశం లేదు. అయినా వచ్చి కూర్చుంది.

"మామ్మా, నీ సంత పోతోంది," అన్నాను.

"సంత వచ్చే వారం కూడా ఉంటాది. నువ్వు బేగి ఏటో ఒకటి సెయ్యి."

అదృష్టం కొద్దీ పాడేరు నుంచి అరకు వెళ్లే బస్సు ఎదురొచ్చింది. అందులో కండక్టర్ దేముడు నాకు బాగా తెలిసినవాడు. ఘాట్ రోడ్లో రెండు బస్సులు పక్కపక్కన ఆపి కబురు చెప్పుకోవడం మాకు అలవాటే. కిటికీలోంచి తల బయటపెట్టి చెప్పాను.

"డుంబ్రిగుడలో ఒక తెల్లాయన, పొడుగ్గా ఉంటాడు. ఆయన భార్య నా బస్సులో ఉంది. హుకుంపేటలో ఆగి ఉంటామని చెప్పు. ఏ జీపైనా ఎక్కించి పంపు."

"ఆవిడ గురుతేదైనా ఇయ్యి. ఉత్తి మాటకి నన్నెలా నమ్ముతాడు?" అన్నాడు దేముడు.

నిజమే. ఎలెనా మెడలో నీలం స్కార్ఫ్ ఉంది. సైగ చేసి అడిగాను. ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. తర్వాత విప్పి ఇచ్చింది.

హుకుంపేట చేరి బస్సు ఆపాం. అక్కడ సిగ్నల్ ఉంది. డిపోలో కంట్రోలర్‌కి, అంటే బస్సుల టైములు చూసే ఆయనకి, ఫోన్ చేసి సంగతి చెప్పాను. "బస్సు లేటని రాసుకుంటాను. ముందు ఆవిడని అప్పజెప్పి కదులు," అన్నారాయన. పాడేరులో దుకాణం ఉన్న ఒక సేటు మాత్రం గునిశాడు.

"ఒకరి కోసం ఇంతమందిని ఆపుతారేటండి?"

రమణన్న ఇంజన్ ఆపి తాళం జేబులో వేసుకున్నాడు. "మీ ఇంటావిడ వాళ్ల దేశంలో ఇలా ఉండిపోతే ఏటి సేద్దురు బాబూ?" అన్నాడు. సేటు దిగి టీ తాగి, ఎలెనాకి కూడా ఒక గ్లాసు తెచ్చి ఇచ్చాడు.

ఒక జీపు వచ్చింది, ఆయన లేడు. ఇంకోటి వచ్చింది, అందులోనూ లేడు. ఎలెనా టీ తాగలేదు, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని రోడ్డు చూస్తోంది. నాకు లోపల రకరకాల ఆలోచనలు. దేముడికి ఆయన దొరక్కపోతే? ఆయనే బస్సు వెంట నడుచుకుంటూ బయలుదేరి ఏ అడ్డదారో పట్టి ఉంటే? వెలుతురున్నంతసేపూ ఫర్వాలేదు, చీకటి పడితే ఆవిడని ఎక్కడ పెట్టాలి?

మూడో జీపులో, వెనక అల్లం బస్తాల మీద కూర్చుని వచ్చాడు మార్టిన్. నీలం స్కార్ఫ్ మణికట్టుకి చుట్టుకుని ఉంది. జీపు ఆగకముందే దూకాడు. దూకి, భార్య కిటికీలోంచి చెయ్యి ఊపుతున్నా ముందు నా దగ్గరికే పరిగెత్తాడు. పిడికిలి తెరిచాడు. చెమటకి తడిసిన పది, ఇరవై నోట్లు.

"టికెట్. ప్లీజ్. షి ఈజ్ గుడ్ ఉమన్," అన్నాడు.

ఆయన చేతిని మూసి, ఆయన్ని భార్య వైపు తిప్పాను. ఎలెనా కుంటుకుంటూ దిగి వచ్చి, ఆయన భుజం మీద గట్టిగా రెండు దెబ్బలు వేసింది. తర్వాత అదే భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. బస్సులో ఆడవాళ్లంతా ఒకేసారి మాట్లాడడం మొదలెట్టారు. సోనమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఈయన తిన్నాడో లేదో అడగండే," అంది. నేను బస్సు మెట్టు మీద కాసేపు కూర్చున్నాను.

పాడేరు దారిలో సిగ్నల్ దొరికిన చోట మార్టిన్ ఫోన్‌లో మాటలు తెలుగులోకి మార్చి చూపించాడు. వాళ్ల ఊళ్లో టికెట్ లేకుండా పట్టుబడితే అందరి ముందూ దింపేస్తారట. తన దగ్గర చిల్లర లేదు కాబట్టి తర్వాతి స్టాపులో ఇద్దరినీ దింపేస్తానని నా మాటకి అర్థం చేసుకున్నాడు. ఆ మోకాలితో ఆవిడ సంత జనంలో నిలబడలేదని, తానే పరిగెత్తాడు.

నేనన్నది రెండే మాటలు. ఆ రెండు మాటలకి ఆయన అంత భయపడ్డాడు. పరాయి దేశంలో దారి తెలియనివాడికి, భాష తెలియనివాడికి, టికెట్ అంటే తనని ఉండనిస్తున్నారన్న ధైర్యం. మనం ఇచ్చేవాళ్లం కాబట్టి మనకది కాగితంలా కనిపిస్తుంది.

తిరుగు ట్రిప్పులో సోనమ్మని, అమ్ముడుపోని చింతపండుని డుంబ్రిగుడలో దించాను. సంత ఎత్తేశారు. ఆవిడ విసుక్కోలేదు.

ఇప్పుడు కొత్తవాళ్లు ఎవరెక్కినా వెంటనే మెషిన్ తియ్యను. ముందు సీటు చూపిస్తాను. కూర్చున్నాక, మీరు ఎంతమంది అని వేళ్లతో అడుగుతాను. ఆగిన ప్రతిచోటా, రైట్ చెప్పే ముందు ఆ అంతమందీ ఉన్నారో లేదో చూసుకుంటాను. టికెట్‌దేముంది, ఛార్జీ మారే స్టేజీ దాటేలోపు ఎప్పుడైనా కొట్టొచ్చు.