చక్రం కింద మా మామ రాయి

మామ పోయాడని పోయిన వారం అత్త ఫోన్ చేసినప్పుడు నేను టమాటా లోడుతో పాలక్కోడు దారిలో ఉన్నాను. బండిని పక్కకు తీసి, హ్యాండ్ బ్రేకు లాగి, దిగి వెనక చక్రం కింద రాయి పెట్టాను. ఆ తర్వాతే ఏడ్చాను. ఆ వరుస తప్పితే మామ ఒప్పుకునేవాడు కాదు.

మా అమ్మకు తమ్ముడు ఆయన. ఊరు తమిళనాట మహేంద్రమంగళం. తొప్పూరు ఘాటు రోడ్డులో లారీ ఎక్కించీ దించీ సగం జీవితం గడిపాడు. మోకాళ్లు అరిగాక ఒక పాత మినీ లారీ కొని, మా పక్క డ్యాంలో చేపలు పట్టేవాళ్ల పడవలను తెచ్చి నీళ్లలోకి దింపే పని పెట్టుకున్నాడు. "ఘాటులో అయినా గట్టు మీద అయినా బండి బుద్ధి ఒకటే. వదిలితే కిందికే పోతాది" అనేవాడు.

పడవ దింపడానికి బండిని వెనక్కి నడుపుతూ, వెనక చక్రాలు నీటికి మూరెడు దూరంలో ఉండగానే ఆపేవాడు. హ్యాండ్ బ్రేకు పట్టేది ఆ చక్రాలనే కదా, అవి పాచి మీదికి పోతే ఎంత లాగినా బండి జారుతుంది. బ్రేకు లాగి, కాలు మెల్లగా తీసి, బండి కదలడం లేదని చూసుకున్నాకే దిగి రాయి పెట్టేవాడు. పనయ్యాక ఆ రాయిని అక్కడే వదిలేస్తే ఆయన దృష్టిలో మహాపాపం. ఘాటులో ఎవరో వదిలిపోయిన రాళ్ల మీదికెక్కి బండ్లు బోల్తా పడటం చూసిన మనిషి. "రాయి పెట్టిన చెయ్యే రాయి తియ్యాల" అనేవాడు. ఆయన రాయి సీటు కింద ఉండేది. ఆయుధపూజకు స్టీరింగుతో పాటు దానికీ పసుపు, కుంకుమ, పూలమాల.

"నాకు చీర తేలేదు, రాయికి మాత్రం మాల తెచ్చినాడు" అని అత్త ఏటా దెప్పేది. మామ వినపడనట్టు అగరుబత్తి తిప్పేవాడు.

నాకు బండి నేర్పింది ఆయనే. ఆడపిల్లకు లారీ ఏమిటని చుట్టాలు నవ్వితే, "నా మోకాలు పూరా పోయినాక దీన్ని తోలేది నా కోడలే, చూస్తా ఉండండి" అనేవాడు. ఆ మాట నిలబెట్టాల్సిన రోజు ఒకటి వచ్చింది. కొత్త పడవ, గట్టు నిండా జనం, వాళ్లలో ఆ చుట్టాలు కూడా, స్టీరింగు ముందు మొదటిసారి ఒంటరిగా నేను. బ్రేకు లాగాను. మామ రాయి పెట్టి, పడవ తాడు పట్టుకోవడానికి నీటి అంచుకు వెళ్లాడు. బండి మీద పడవ కట్లు విప్పేశారు.

అంతలో పడవ వాళ్ల పెద్దావిడకు కొత్త బండికి చేసినట్టు నిమ్మకాయ తొక్కించలేదని గుర్తొచ్చింది. పడవకు చక్రాలు లేవు. లారీకి ఉన్నాయి. నిమ్మకాయకు చోటు కావాలని ఎవరో రాయి తీసి పక్కన పెట్టారు. "తొక్కించు, తొక్కించు" అని తమిళంలో ఒకటే కేకలు. నేను గేరు వేయకుండానే హ్యాండ్ బ్రేకు దించేశాను.

నిమ్మకాయ లారీని ఆపదు.

కాలి బ్రేకు తొక్కేసరికి వెనక చక్రాలు మునిగిపోయాయి. ఆ కుదుపుకు పడవ దానంతటదే జారి, సొగసుగా తేలింది. తాడు వదలని మామను నడుము లోతు దాకా ఈడ్చుకుపోయింది. సైలెన్సరు నీళ్లలో బుడబుడమంటోంది. మామ వైపు చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయన మాత్రం పగలబడి నవ్వుతున్నాడు.

"పడవను దింపమంటే బండినే దింపినావే పాపా!"

ఏడుస్తూ తలుపు తీయబోతే, నీళ్లోడుతూ వచ్చి బయటినుంచి మూసేశాడు. "దిగొద్దు. ఇప్పుడు దిగితే మళ్లా ఎక్కవు. హ్యాండ్ బ్రేకు లాగు. ఫస్ట్ గేరు. క్లచ్చు మెల్లిగా వదులు. బండి లాగతా ఉండాదని తెలిసినాకనే బ్రేకు దించు. ఏమీ కాదు, నేను ఉండాను."

వెనక ఆరుగురు తోశారు. బండి గట్టెక్కింది. ఆయన చుట్టాల వైపు తిరిగి, "చూసినారా, నీళ్లలోనుంచి కూడా తీస్తాది!" అన్నాడు. బండి తాళం నా నుంచి తిరిగి అడగలేదు. ఈ రోజు నేను నా చేత్తో సంపాదించుకుని తింటున్నానంటే ఆయన మూసిన ఆ తలుపు వల్లే.

మామ పోయిన మూడో రోజు అస్థికలు కలపడానికి అదే పడవను అదే లారీలో తెచ్చాను. అత్త గట్టు దాకా వస్తానని పట్టుబట్టి నా పక్కన కూర్చుంది. మూరెడు దూరంలో ఆపి, బ్రేకు లాగి, రాయి పెట్టాను. పెద్దావిడ నిమ్మకాయతో వచ్చింది. నా ముఖం చూసి దాన్ని పడవలోనే పెట్టింది. ముందు నవ్వింది అత్తే. తర్వాత ఎవరూ ఆపుకోలేకపోయారు.

మామ కొడుకు అస్థికలు కలిపి వచ్చాడు. పడవను మళ్లీ బండెక్కించేటప్పుడు అలలు రాయి దాకా వచ్చాయి. పెట్టిన చేత్తోనే తీశాను. సీటు కిందికి నెట్టబోతుంటే అత్త చెయ్యి చాపింది.

"ఇటియ్యి."

తడి రాయిని ఒళ్లో పెట్టుకుంది. చీరంతా తడిసినా ఇల్లు చేరేదాకా దించలేదు.