గుర్రం కింద ఖాళీ గూడు

యల్లయ్యకు నడక రాకముందే పరుగు వచ్చిందని వాళ్ళమ్మ పోలమ్మ చెప్పేది. తల్లి మాట కదా అని కొంత తగ్గించుకుని విన్నా, మార్కాపురం పలకల గనుల్లో అతనితో పనిచేసిన వాళ్ళెవరూ దాన్ని కొట్టిపారేయలేదు. అన్నం పొగలు కక్కుతుండగానే తిని నాలుక కాల్చుకునేవాడు. బండి ఆగకముందే దిగేవాడు. ఎదుటివాడు అడగడం పూర్తికాకముందే జవాబు చెప్పేసి, ఆ తర్వాత పొద్దంతా నాలుక కరుచుకునేవాడు. మనిషి మాత్రం మంచివాడు. మంచివాళ్ళతో వచ్చే చిక్కే అది, వాళ్ళ మీద నిండుగా కోపం తెచ్చుకోవడానికి కూడా వీలుండదు.

కూలిగా మొదలుపెట్టి, తెల్లదొరల హయాంలో పలకలు రైలెక్కి మద్రాసుకు పోయే రోజుల్లో తర్లుపాడు దారిలో ఒక చిన్న గని కౌలుకు తీసుకున్నాడు. భార్య పాపమ్మ చెక్క చట్రాలు బిగించే పని చూసేది. ఒకసారి ఆమె గనిలో సాయానికి దిగినప్పుడు రాతిపొర కింద పెట్టిన ఆపును, ఆమె చెయ్యి తీసిందో లేదో చూడకుండా యల్లయ్య లాగేశాడు. ఆమె ఎడమచేతి చిటికెన వేలు నలిగిపోయింది. అది మళ్ళీ వంగలేదు. పాపమ్మ ఆ సంగతి ఎన్నడూ ఎత్తేది కాదు. ఎత్తనవసరం లేదు, అన్నం వడ్డించినప్పుడల్లా ఆ వేలు నిటారుగా అతని కళ్ళ ముందే ఉండేది.

అలాంటి మనిషికి పిస్తోలు కాల్చాలన్న సరదా పుట్టింది. పుట్టించినవాడు ఏసురత్నం. పెద్ద యుద్ధంలో బస్రా దాకా పోయి వచ్చి, గిద్దలూరులో రైలు ఇంజనీరు దొర దగ్గర పనికి కుదిరాడు. దొర ఆదివారాలు ప్రార్థన అయ్యాక బంగళా వెనక గట్టు మీద పగిలిన పలకలు నిలబెట్టి పిస్తోలుతో కాల్చేవాడు. ఆ పలకలు యల్లయ్య గనివే. ఇవ్వడానికి వెళ్ళినవాడు నిలబడి చూశాడు. దెబ్బ తగిలిన పలక గలగలమని రాలుతుంటే అతనికి ఒళ్ళు పులకరించింది. కూలి డబ్బు సంచీ పట్టుకుని ఒంటరి దారిన వస్తాననే కారణం చూపి లైసెన్సుకు పెట్టుకున్నాడు. కర్నూలు నుంచి లైసెన్సు వచ్చింది. కాగితం మీది కారణం అది. అసలు కారణం ఆ గలగల.

దొర స్వదేశం వెళ్ళిపోతూ తన రెండు రివాల్వర్లలో ఒకటి అమ్ముతానన్నాడు. యల్లయ్య పరుగున వెళ్ళాడు. ఒకటి కొత్తది, నల్లగా నిగనిగలాడుతోంది. మీట నొక్కితే చాలు, వెనక ఉండే గుర్రం దానంతట అదే లేచి తూటా మీద పడుతుంది. నొక్కుతూ పోతే పేలుతూ పోతుంది. రెండోది పాతది. దాని గుర్రాన్ని ప్రతిసారీ బొటనవేలితో వెనక్కి లాగాలి. లాగకపోతే మీట నొక్కి ఏమీ ప్రయోజనం లేదు. తూటాలు కూడా పక్కనున్న చిన్న తలుపు తీసి ఒక్కొక్కటే పెట్టాలి, ఒక్కొక్కటే తీయాలి.

"కొత్తదే తీసుకో తమ్ముడూ. నీ దూకుడుకు అదే సరి" అని ఏసురత్నం నవ్వాడు.

యల్లయ్య ముందు దాన్నే పట్టుకున్నాడు. కన్ను మూసి తెరిచేలోగా ఆరు తూటాలూ అయిపోయాయి. గట్టు మీద పలకలన్నీ పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు కుదురుగా అలాగే ఉన్నాయి. తర్వాత పాతది తీసుకున్నాడు. గుర్రం లాగడానికి బొటనవేలు పైకి పోవాలి. పోయి మళ్ళీ కిందికి వచ్చేలోగా ఊపిరి ఒకటి దానంతట అదే లోపలికి పోయింది. ఆ కాస్త వ్యవధిలో అతనికి పలక కనపడింది. నిజంగా కనపడింది, దాని అంచూ, మీది మరకా. నొక్కాడు. గలగల.

"ఇదే కావాల" అన్నాడు యల్లయ్య.

"పాతదిరా అది."

"నన్ను ఆపేది ఇంతవరకూ ఒక్కటీ దొరకలేదన్నా. ఇది ఆపుతుండాది."

తన గురించి తను అంత సరిగ్గా మాట్లాడటం అతని జీవితంలో అదే మొదలు. ఏసురత్నం నవ్వడం మాని ఒక కట్టుబాటు చెప్పాడు. ఆ పాత రకంలో గుర్రం మూతి నేరుగా తూటా మీదే ఆనుకుని ఉంటుంది. కింద పడి గుర్రానికి దెబ్బ తగిలితే మీట నొక్కకుండానే పేలుతుంది. కాబట్టి గూళ్ళు ఆరున్నా తూటాలు అయిదే పెట్టాలి. గుర్రం కింద గూడు ఎప్పుడూ ఖాళీగా ఉండాలి.

పాపమ్మ దాన్ని గడప దాటనివ్వలేదు. వాకిట్లోనే నిలబెట్టి అంతా చెప్పించుకుంది.

"ఏంది, ఖాళీగా పెడతానంటావు. పెడతావా?"

"పెడతా."

"తొందరలో మర్చిపోయినా అంటావేమో."

"అననే."

ఆమె ఆ వేలున్న చేతినే గడపకు అడ్డం పెట్టి ఉంది. "చూడయ్యా. వేలు పోయిందానికి నిన్ను ఒక్క మాట అన్లేదు. ఈ మాట తప్పినావంటే నువ్వు ఏం చెప్పినా ఇంక నమ్మేది లేదు. నీతో కాపురమైతే చేస్తా, నమ్మను" అంది. తర్వాత చెయ్యి తీసింది.

ఆ వేసవీ వానాకాలమూ యల్లయ్య మాట నిలబెట్టుకున్నాడు. ఆదివారం వస్తే అంచు విరిగిన పలకలు గుట్టకు ఆనించి పెట్టుకుని, అయిదు తూటాలు తీరిగ్గా కాల్చుకునేవాడు. చూసిన వాళ్ళు ఈయన మన యల్లయ్యేనా అనుకున్నారు. పాపమ్మ కూడా ఒకటి రెండుసార్లు వచ్చి దూరంగా కూర్చుని చూసింది. యల్లయ్యకు అంతకు మించిన సంతోషం లేదు.

దసరా వచ్చింది. మహర్నవమి నాడు పనిముట్ల పూజ. గడ్డపారలు, ఉలులు, సుత్తులు, రంపాలు, త్రాసు కడిగి పసుపు పూసి అమ్మవారి ముందు పెట్టారు. ఆ పూజ పోలమ్మది. అందులో ఆమెకు ఒక పట్టింపు ఉంది. ఆ రోజు ఖాళీది ఏదీ అమ్మవారి కంట పడకూడదు. త్రాసు తట్టల్లో పిడికెడు బియ్యం, నూనె బుడ్డిలో నూనె, చివరికి మేకుల డబ్బాలో కూడా మేకులుండాలి. ఆ రోజు ఖాళీగా ఉన్నది ఏడాదంతా ఖాళీగానే ఉంటుందని ఆమె నమ్మకం. యల్లయ్య రివాల్వరు తెచ్చి అయిదు తూటాలతో పెట్టాడు. ముసలామె వంగి, గూళ్ళున్న చక్రం తిప్పించి చూసింది.

"ఒక గూడు ఖాళీగా ఉండాదే నాయనా."

"అది అట్లనే ఉండాలమ్మా."

"ఏ తల్లి చెప్పింది నీకు? నూనెచుక్క లేకుండా బుడ్డి కూడా పెట్టను నేను. తీసెయ్, లేకుంటే నింపు."

రివాల్వరునే పక్కకు తీసేసి ఉంటే సరిపోయేది. కర్పూరం వెలిగించి ఉంది, కూలీలంతా చేతులు కట్టుకుని నిలబడ్డారు, పాపమ్మ లోపల వంట దగ్గర ఉంది. పూజ అయ్యాక తీసేద్దాంలే అనుకుని యల్లయ్య ఆరో తూటా గూట్లో పెట్టేశాడు. పూజ అయింది, పెసరపప్పు పంచారు, మాటల్లో పడ్డారు. ఆ తూటా అక్కడే ఉండిపోయింది.

మర్నాడు విజయదశమి. గనిలో ముహూర్తం పని చేసి, కాసేపు పలకలు కాల్చి చూపిస్తానని యల్లయ్య అందరినీ వెంటబెట్టుకుని వెళ్ళాడు. నడుముకు తోలు సంచీ, అందులో రివాల్వరు. పూజలో గుర్రానికి చుట్టిన బంతిపూల దండ వల్ల సంచీ మూత పడలేదు. దండ తీసి మూత పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? గని అంచుకు చేరగానే ముందే దిగి కింద నిలబడ్డ కూలీలను చూసి, మెట్ల దారి చుట్టూ తిరగడమెందుకని రాతి అంచు మీంచి దూకేశాడు. రివాల్వరు జారి, గుర్రం వైపు రాతి మీద పడింది.

పేలింది.

పాపమ్మ నెత్తిన ఇత్తడి బిందెతో మెట్ల మీద దిగుతోంది. యల్లయ్య తలెత్తి చూసేసరికి బిందెకు రెండు పక్కలా నీళ్ళు చిమ్ముతున్నాయి. ఆమె ముఖం మీదుగా, మెడ మీదుగా, చీర మీదుగా కారుతున్నాయి. ఆమె కదల్లేదు. అవి నీళ్ళేనని తెలిసేదాకా యల్లయ్య ప్రాణం అతని ఒంట్లో లేదు. తెలిశాక రాళ్ళ మీద కూలబడి, నోరు తెరిచి ఏడ్చాడు.

పాపమ్మ బిందె దించింది. మిగిలిన మెట్లు దిగి వచ్చి, నేల మీది రివాల్వరును చూసింది.

"ఆ గూడు ఖాళీగానే ఉండిందా?"

పోలమ్మ పరుగున వచ్చి, "నాదేలే తల్లీ తప్పు, నేనే నింపమన్నా" అంది.

యల్లయ్య తల్లిని పక్కకు జరిపాడు. "అమ్మ తీసెయ్యమని గూడా అనింది. తీసేదానికి ఓపిక లేక నింపినా. నేనే."

పాపమ్మ ముఖం తుడుచుకుని, బిందె చంకన పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది. మాట తప్పినవాడికి తిట్టే భార్య ఉంటే అదృష్టమని ఆ కార్తీకం దాటేలోగా యల్లయ్య తెలుసుకున్నాడు. పాపమ్మ అన్నం పెట్టేది, పని చూసేది. అతను ఫలానా పని చేసొచ్చానంటే మాత్రం తనే వెళ్ళి చూసుకునేది. తలుపు వేశానంటే లేచి చూసేది. దీపం ఆర్పానంటే లేచి చూసేది.

తట్టుకోలేక ఒకరోజు, "దాన్ని అమ్మేస్తానే" అన్నాడు.

"అమ్మొద్దు. అమ్మితే మర్చిపోతావు."

తూటాల పెట్టె తన ట్రంకులో పెట్టి తాళం వేసుకుంది. ఆదివారం అతను అడిగితే అయిదు తీసి చేతిలో పెట్టేది. గూళ్ళు చూపించమనేది. అతను ఒక్కొక్కటే తిప్పి చూపించేవాడు, ఖాళీ గూడు చివర. ఎండలో ఇద్దరూ వాకిట్లో నిలబడి ఆ పని చేస్తుంటే దారినపోయేవాళ్ళు నవ్వుకునేవారు. యల్లయ్య నవ్వనిచ్చాడు.

ఏడాది తిరిగి మళ్ళీ నవమి వచ్చింది. పోలమ్మ పసుపు పూసిన పనిముట్ల మధ్య రివాల్వరు పెట్టించింది, ఆరు గూళ్ళూ ఖాళీగా. తర్వాత అటక మీంచి ఆ తూట్లు పడ్డ బిందె దింపి, తోమి, బొట్టు పెట్టి, దాని పక్కనే పెట్టింది. అందులో బియ్యంగింజ కూడా వెయ్యలేదు.

యల్లయ్య బిత్తరపోయాడు. "అమ్మా, ఖాళీది పెడతా ఉండావే?"

"పెడతా. అమ్మవారు చూడనీ. నా కోడలు నిండుగా నిలబడి ఉండాది, అది గూడా చూస్తుందిలే" అంది ముసలామె. రెండు పుల్లలు గీసినా కర్పూరం అంటుకోలేదు.

పాపమ్మ వచ్చి పక్కన కూర్చుని అగ్గిపుల్ల గీసి వెలిగించింది. వెనక్కి తిరిగి, "వాకిలి తలుపు వేసినావా?" అని యల్లయ్యను అడిగింది.

"వేసినా."

ఆమె లేచి చూడలేదు. హారతి అందుకుని కళ్ళకద్దుకుంది.